తెలియదన్న మాట

మా వార్డులో చేరిన ప్రతి బిడ్డా మొదటి వారం ఏడ్చేది. రెండో వారానికి ఏడుపు తగ్గేది. మూడో వారానికి, ఏడ్చి లాభం లేదని తెలిసిపోయి, పైకప్పు వైపు చూస్తూ పడుకునేది. మాకు ఆ బిడ్డ మీద ఇష్టం కలగడం సరిగ్గా అప్పుడే మొదలయ్యేది. "ఈ పిల్ల చాలా మంచిదండీ, అసలు పేచీ లేదు" అని డాక్టరు దగ్గర పొగిడేవాళ్లం. నొప్పిని నోరు మూసుకుని భరించే పిల్లలే మంచి పిల్లలని నేను కొన్నేళ్లపాటు నిజంగానే నమ్మాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అది అనంతపురం జిల్లాలో, సోమందేపల్లెకు కొంత దూరాన, బెంగుళూరు రోడ్డు పక్కన ఉండే ఒక చిన్న ఆసుపత్రి. పేరు చెప్పను. ఎముకలకు క్షయ పట్టిన పిల్లల కోసమే నడిపేవాళ్లు. ఆ ప్రాంతపు గాలిలో తేమ ఉండదు కనుక క్షయకు మంచిదని ఎవరో పెద్దలు అక్కడ కట్టించారట. వానల్లేక కొర్రా జొన్నా మాడిపోయే చోటు రోగులకు మంచి చోటు కావడం ఊళ్లోవాళ్లకు వేళాకోళంగా ఉండేది. "మా సేన్లకు పనికిరాని గాలి మీ పిలకాయలకు పనికొచ్చె" అనేవాడు మాకు బండి మీద పీపాలతో నీళ్లు తోలే ఆయన.

ఎముకల క్షయ అంటే ఇప్పటివాళ్లకు అంతగా తెలియదు. కొందరికి తుంటిలో, కొందరికి మోకాలిలో, కొందరికి వెన్నెముకలో పడుతుంది. నెలలకు నెలలు కదలకుండా పడుకోబెట్టాలి. వెన్నుకు వచ్చినవాళ్లను వీపు ఆకారానికి పోసిన పిండికట్టు తొట్టెలో వెల్లకిలా పెట్టి, పట్టీలతో కట్టేసేవాళ్లం. ఆరేళ్ల పిల్లైనా పన్నెండేళ్ల పిల్లైనా అంతే. నొప్పి రోజూ ఉంటుంది. ఇవాళ సూది వేస్తే రేపటికి పోయే నొప్పి కాదది. నొప్పి కాక దురద ఒకటి. కట్టు లోపల చెమటపట్టి దురద పుడితే పిల్లలు జొన్నపుల్లలు సంపాదించి లోపలికి దూర్చి గోక్కునేవాళ్లు. ఆ పుల్లలు వెతికి లాక్కోవడం మా ఉద్యోగంలో ఒక భాగం.

నేను కృష్ణా డెల్టాలో పుట్టినదాన్ని. గుంటూరులో నర్సు చదువు చదివాను. మద్రాసు నుంచి విడిపోయి కొత్త రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్లకు, ఆ ఆసుపత్రికి ఎవరూ పోవడం లేదని విని నేనే దరఖాస్తు పెట్టాను. మా అమ్మ వద్దని మొత్తుకుంది. ఇరవై రెండేళ్ల పొగరు నాది. ఎవరూ పోనిచోటికి పోతున్నానన్న గర్వంతోనే రైలెక్కాను. సేవ అనే మాటకు ఆ వయసులో నేను ఇచ్చుకున్న అర్థంలో రోగుల కంటే నేనే ఎక్కువ కనిపించేదాన్ని.

మొదటి రెండేళ్లు బాగానే చేశాను. అది కూడా చెప్పాలి, లేకపోతే మొదటి నుంచీ చెడ్డదాన్నన్న గౌరవం ఒకటి నాకు దక్కుతుంది. పిల్లలకు కథలు చెప్పాను. ఆ సీమ మాటలు నేర్చుకున్నాను. నాకు మాటలు నేర్పింది మా వార్డు ఆయా. యాభై దాటిన మనిషి, అక్కడి ఊరావిడే. నేను "ఎక్కడ" అంటే ఆవిడ "యాడ" అనేది. నేను "ఇక్కడ" అంటే "ఈడ" అనేది. ఒకరోజు ఇద్దరం నేల మీద కూర్చుని ఉతికిన కట్లు చుట్టలు చుడుతున్నాం. నా కాలు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. "జోము పట్టెనా? ఇదిలించు, ఇదిలించు" అని ఆవిడ నా పాదాన్ని పట్టుకుని ఆడించింది. జోము అంటే ఇక్కడ తిమ్మిరి అని ఆ వారమే అమ్మకు ఉత్తరం రాశాను. మా ఇంట్లో అందరూ నవ్వుకున్నారని తమ్ముడు బదులు రాశాడు.

మూడో ఏడు వేసవికి ముగ్గురు నర్సులం కాస్తా నేనొక్కదాన్నే మిగిలాను. ఒకామె పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఇంకొకామె టైఫాయిడ్‌తో పడి, కోలుకున్నాక రానని రాసేసింది. ఇరవై నాలుగు మంచాలు, నేను, ఆయా. డాక్టరు వారానికి మూడు రోజులు పట్నం నుంచి వచ్చేవారు. బావిలో అడుగున బురద తప్ప ఏమీ లేదు. బండి వస్తేనే నీళ్లు. సూదులు మరగబెట్టడానికి, పిల్లల ఒళ్లు తుడవడానికి, పాత్రలు కడగడానికి అన్నిటికీ అవే నీళ్లు. అంత పని ఆ రోజుల్లో అందరూ చేసేవాళ్లు. పని వల్లే చెడిపోయానని అనను.

చెడగొట్టింది పిలుపు. "సిస్టరమ్మా" అనే పిలుపు. ఒక మంచం దగ్గర వంగి ఉంటే ఇంకో మంచం నుంచి పిలుపు. వెళ్తే ఏముంది? నొప్పి. నేనేం చేయగలను? మాత్ర ఇచ్చే వేళ కాలేదు. ఇచ్చినా పోదు. తల నిమిరి, కాస్త దిండు సర్ది, "తగ్గిపోతుందమ్మా" అని అబద్ధమాడి రావాలి. రోజుకు ఎన్నిసార్లని ఆడగలరు అదే అబద్ధం? కొన్నాళ్లకు ఉన్నచోటి నుంచే "వస్తున్నా" అని కేకేసి వెళ్లడం మానేశాను. పిల్లలు నా గొంతుతో "వస్తున్నా" అని ఆడుకునేవాళ్లు. ఒకరు "సిస్టరమ్మా" అనడం, ఇంకొకరు "వస్తున్నా" అనడం, అందరూ పకపకా నవ్వడం. నేను దుప్పట్లు పెట్టే గదిలోకి పోయి, తలుపు దగ్గరగా వేసుకుని, రెండు దిండ్ల మధ్య తల పెట్టి చెవులు మూసుకునేదాన్ని. మిట్టమధ్యాహ్నం పూట, ఎండ భగభగలాడుతుంటే.

ఒకసారి అయిదేళ్ల వాడు మోకాలి నొప్పికి ఏడుస్తుంటే, "నొప్పి నీ ఒక్కడికేనా? చుట్టూ చూడు, ఎవరైనా అరుస్తున్నారా?" అన్నాను. వాడు చుట్టూ చూశాడు. నిజమే, ఎవరూ అరవడం లేదు. నోరు మూసేశాడు. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని దాచి రాయడం నాకు చేతకాదు.

ఇక్కడ మా రిజిస్టరు సంగతి చెప్పాలి. రోజూ సాయంత్రం ఒక్కో మంచానికి ఒక్కో వరస రాయాలి: జ్వరం ఎంత, అన్నం తిన్నారా, నొప్పి ఎలా ఉంది. డాక్టరు వచ్చినరోజు ముందుగా ఆ రిజిస్టరు చదివి, "నొప్పి ఉంది" అని రాసిన మంచాల దగ్గరికే వెళ్లేవారు. ఆయనకూ వేళ తక్కువే. వెన్ను జబ్బు పిల్లకు నొప్పి అని రాశామంటే పట్టీలు విప్పాలి, ఇద్దరం కలిసి జాగ్రత్తగా తొట్టెలోంచి పక్కకు తిప్పాలి, ఆయన చూసేదాకా పట్టుకోవాలి, మళ్లీ కట్టాలి. అరగంట పని. ఆ వేసవిలో నేను పై నుంచి కింద దాకా "నొప్పి లేదు, నొప్పి లేదు" అని ఒక్క ఊపులో రాసేసేదాన్ని. బాగా అరిచేవాళ్లకు మాత్రం "ఉంది" అని రాసేదాన్ని. ఎలాగూ ఆయనకు వినిపిస్తుంది కనుక.

పదకొండో మంచం పిల్ల సంగతికి వస్తాను. అప్పట్లో పిల్లల్ని మంచం నంబరుతోనే అనుకునేవాళ్లం. బెళుగుప్ప దగ్గరి పల్లె. దూదేకుల వాళ్లు. సాయిబులే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాయన ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకేవాడు. పిల్లకు పన్నెండేళ్లు. నడిమి వెన్నులో క్షయ. తల్లి పిల్లతోపాటే ఉండిపోయి, వార్డు వెనక మూడు రాళ్లు పెట్టి వండుకునేది. ఊరకే కూర్చోవడం చేతగాక, ఎవరూ అడగకుండానే వార్డు దిండ్లన్నీ కుట్లు విప్పి, గడ్డకట్టిన దూదిని వేళ్లతో విడదీసి, మళ్లీ నింపి కుట్టింది. నేను చెవులు మూసుకున్న దిండ్లు అవే.

ఆ పిల్లను నేను "మా రేడియో" అనేదాన్ని. మొదట్లో ముద్దుగానే అన్నాను. వాగుడు ఆగదు. నొప్పిని కూడా ఒక్క మాటతో సరిపెట్టదు. "సిస్టరమ్మా, పొద్దున పీకుతాండె, ఇప్పుడు సలుపుతాండాది. పీకేదానికంటే సలుపేదే మేలు" అని బేరం చేస్తున్నట్టు చెప్పేది. పక్క మంచాల పిల్లలకు ఏం కావాలో కూడా అదే పిలిచి చెప్పేది. వేసవి నడిమికి వచ్చేసరికి ఆ గొంతు వినబడితే నా దవడలు బిగుసుకునేవి. "రేడియో" అనడం మానలేదు, ముద్దు పోయింది.

ఆ మధ్యాహ్నం ఆయా నీళ్ల బండి దగ్గరికి పోయింది. పదకొండో మంచం పిలిచింది. "వస్తున్నా" అన్నాను. మళ్లీ పిలిచింది. మూడోసారికి వెళ్లి, మంచం కాళ్ల వైపు నిలబడి "ఏమిటే మళ్లీ?" అన్నాను.

"నొప్పి లేదు సిస్టరమ్మా. కాళ్లు జోము పట్టినాయి. పొద్దున్నుంచీ అట్లే ఉండాది."

"నొప్పి లేదు కదా?"

"లేదు. జోమే. ఒగసారి తాకి సూడు సిస్టరమ్మా."

"నొప్పి లేకపోతే ఇంకేం కావాలి నీకు? కళ్లు మూసుకుని పడుకో."

నేను తాకలేదు. దుప్పటి అంచు సర్ది వచ్చేశాను.

వెన్నులో క్షయ ఉన్నవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కడం ఎంత ప్రమాదమో మాకు చదువులో మొదటే చెప్పారు. లోపల చీము పట్టి వెన్నుపామును నొక్కుతున్నదని దానికి అర్థం. వెంటనే చూస్తే కాళ్లు దక్కుతాయి, ఆలస్యమైతే పోతాయి. మాకు పాఠం చెప్పిన పెద్ద సిస్టరు "అప్పుడు నడవకండి, పరుగెత్తండి" అని బల్ల గుద్ది చెప్పింది. ఆ పాఠం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆ సాయంత్రం రిజిస్టరు ముందు కూర్చున్నప్పుడు కూడా గుర్తుంది. మర్నాడు డాక్టరు వచ్చే రోజు. రాస్తే పట్టీలు విప్పాలి, తిప్పాలి, గుండుసూదితో గుచ్చి చూడాలి, ఇంకా ఏమేమో. డాక్టరు వెళ్లాక మధ్యాహ్నం ఒక పూట నిద్రపోవాలని వారం నుంచి ఆశపెట్టుకుని ఉన్నాను. పిల్ల కాళ్లు ఒకవైపు, నా నిద్ర ఒకవైపు. "నొప్పి లేదు" అని రాశాను. అది అబద్ధం కూడా కాదు చూడండి, అదీ నా తెలివి.

నా మనసు కూడా తిమ్మిరెక్కిపోయిందని ఇక్కడ రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ అది నిజం కాదు. నాకన్నీ తెలుస్తూనే ఉన్నాయి. విసుగు తెలుస్తోంది, కోపం తెలుస్తోంది, ఆ పిల్ల మీద కసి కూడా తెలుస్తోంది. కాళ్ల గురించి తర్వాత చూద్దాం అనుకున్నాను, అంతే.

మర్నాడు డాక్టరు వచ్చారు. రిజిస్టరు చదివారు. పదకొండో మంచం దాటుకుని వెళ్లారు. ఆ పిల్ల నావైపు చూసింది కానీ పెద్దాయన ముందు నోరు విప్పలేదు. ఆయన వెళ్లాక మళ్లీ చెప్పింది, "జోము పైకి ఎక్కుతాండాది సిస్టరమ్మా, మోకాళ్ల దంకా వచ్చె." నేను నిద్రకు పోయాను.

మూడో రోజు పొద్దున దుప్పటి మార్చబోతే పక్కంతా తడిసి ఉంది. నీళ్లు దొరకని రోజుల్లో తడిసిన దుప్పటి. "పన్నెండేళ్ల దానివి, సిగ్గు లేదూ?" అని అరిచాను. వార్డంతా వింది. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "నాకు తెల్దు సిస్టరమ్మా. తడిసింది కూడా తెల్దు" అంది. అప్పటికి గానీ నా ఒంట్లో భయం పుట్టలేదు. పాదం పట్టుకుని గిల్లాను. గోళ్లు దిగేలా గిల్లాను. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ, "గిల్లినావా?" అని అడిగింది.

నీళ్ల బండి ఆయన్ని పట్నం పంపి డాక్టరును పిలిపించాను. ఆయన పరుగున వచ్చారు. గుండుసూదితో పాదాల నుంచి నడుము దాకా చూసుకుంటూ పోయారు. వేళ్లు కదపమంటే పిల్ల పళ్లు బిగించి కష్టపడింది కానీ ఒక్క వేలూ కదల్లేదు.

"ఎప్పటి నుంచి? పిల్ల చెప్పలేదా?" అన్నారు.

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది, "సెప్పింది సారూ. మూడు దినాలుగా జోము జోము అంటానే ఉండాది. సిస్టరమ్మతో సెప్పినా అనె."

డాక్టరు నావైపు తిరిగారు. ఆయనది మద్రాసు వైపు. ఇక్కడి మాటలు ఆయనకు రావు. ఆ సంగతి నాకు ఆ క్షణంలో ఎంత బాగా గుర్తొచ్చిందో చెప్పలేను.

"నేను కోస్తా దాన్నండీ. జోము అంటే జోగడం అనుకున్నాను. మగతగా ఉందని చెబుతోందనుకున్నాను" అన్నాను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేను తెలుగును ఓడు చేశాను.

ఆయా గోడ దగ్గర నిలబడి కట్టు చుట్టలు పట్టుకుని ఉంది. తలెత్తి నన్ను చూసింది. డాక్టరు నన్ను ఏమీ అనలేదు. "ఇక్కడి మాటలు సిస్టరుకు నేర్పాలని తెలియదా నీకు? ఇన్నేళ్లుగా ఉంటున్నావు" అని ఆయాను కోప్పడ్డారు. ఆవిడ "అట్లే సారూ" అంది.

ఆ మధ్యాహ్నమే చీము తీశారు. డాక్టరు చేతికి పనిముట్లు అందించింది నేనే. అదొక్కటే ఆ రోజు నేను సరిగా చేసిన పని.

తర్వాత వరండాలో చేతులు కడుక్కుంటుంటే ఆయా చెంబుతో నీళ్లు పోస్తూ మెల్లగా అంది, "నాకు నోరు లేక ఊరకుంటి అనుకోవద్దు సిస్టరమ్మా. నువ్వూ పోతే ఈ పిలకాయలకు ఆ మాత్రం సేసేవాళ్లు కూడా ఉండరు. అందుకని ఊరకుంటి." తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ లెక్కలో నేను "ఆ మాత్రం" మనిషిని. అది తప్పని ఎలా అనగలను?

కాళ్లు వస్తాయా రావా అని నెలన్నర చూశాం. రోజూ పొద్దున్నే దూది ముక్కతో పాదాలు తాకి "తెలుస్తోందా?" అని అడిగేదాన్ని. ఆ రోజుల్లో ఎవరూ పిలవకముందే పోయేదాన్ని. ఆరో వారానికి కుడికాలి బొటనవేలు కదిలింది. వార్డంతా అరిచారు. కుడికాలు మెల్లమెల్లగా వచ్చింది. ఎడమకాలు మోకాలి దాకా వచ్చి ఆగిపోయింది. పాదం రాలేదు. వేలాడిపోయి ఉండేది. రెండు రోజుల ముందు చూసి ఉంటే అదీ వచ్చేదా అని నేను డాక్టరును అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

నా అబద్ధం అక్కడితో చచ్చిపోలేదు. దానికి కాళ్లొచ్చాయి. డాక్టరు మంచివారు. ఇలాంటిది మళ్లీ జరగకూడదని, ఆయాను కూర్చోబెట్టి, ఒంటికి సంబంధించిన ఇక్కడి మాటలన్నీ చెప్పించి, పక్కన పుస్తకాల్లో ఉండే మాటలు రాయించి వార్డు గోడకు అంటించారు. రాసింది నేనే. జోము, తిమ్మిరి. నా దస్తూరీ గుండ్రంగా బాగుంటుందని అందరూ అనేవాళ్లు. కొత్తగా చేరే పిల్లల తల్లులకు డాక్టరే చెప్పేవారు: "సిస్టరుకు ఇక్కడి మాట అర్థం కాదు. కాస్త మంచి తెలుగులో చెప్పించండి."

ఒకరోజు పదకొండో మంచం పిల్ల తల్లి నా గదికి వచ్చింది. చేతిలో చిన్న దిండు. కొత్త గుడ్డ, మెత్తటి దూది. "మాది మోటు మాట సిస్టరమ్మా" అంది. "దూది ఏక్కుంటా బతికేవాళ్లం, సక్కగా మాట్లాడేది మాకేం తెలుస్తాది. బిడ్డ సరిగ్గా సెప్పలేకపాయె, నీకు సారు ముందర తలవంపులాయె. మనసులో పెట్టుకోవద్దు తల్లీ." నా చేతులు పట్టుకుని క్షమించమంది. కూతురి పాదం పోగొట్టినదాన్ని, నన్ను క్షమించమని అడిగింది. నేను "ఫర్లేదమ్మా" అన్నాను. దిండు తీసుకున్నాను. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నా మొహం కాలిపోతోంది. ఫర్లేదట!

అయినా నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని కొంత. అంతకంటే, ఎవరూ పోని చోటికి పోయిన పిల్ల అని మా ఊళ్లో నాకున్న పేరు. ఇద్దరు కొత్త నర్సులు వచ్చారు, నాకు కాస్త ఊపిరాడింది. అలాగే గడిచిపోతుందనుకున్నాను.

వానాకాలం వచ్చింది, వాన రాలేదు. నల్లమాడ వైపు నుంచి ఆరేళ్ల పాపను తెచ్చి పన్నెండో మంచంలో పెట్టారు. తుంటి జబ్బు. ఒక మధ్యాహ్నం నేను మందుల బల్ల దగ్గర ఉన్నాను. ఆ పాప "సిస్టరమ్మా" అని పిలిచింది. వెళ్లబోతుంటే, పదకొండో మంచం పిల్ల ఆ పాపను ఆపడం వినిపించింది. నేను వింటున్నానని వాళ్లకు తెలియదు.

"ఉండు, ఉండు. యాడ నొస్తాండాది నీకు?"

"ఈడ. పీకుతాండాది."

"అట్ల సెప్తే ఆయమ్మకు తెల్దు. మన మాట రాదు ఆయమ్మకు. లాగుతోంది అనాల. ఏదీ, అను."

"లాగుతాండాది."

"లాగుతాండాది కాదు, లాగుతోంది. సరిగ్గా అంటేనే పిలువు, లేకుంటే పిలవద్దు. నేను తప్పు మాట సెప్పే గదా నా పాదం ఇట్లాయె."

ఆ పాప కళ్లనిండా నీళ్లతో, పెదాలు సున్నాలా చుట్టి, "లాగు... లాగుతో..." అని కూడబలుక్కుంటోంది. నొప్పి లాగేస్తుంటే మాట కోసం వెతుక్కుంటోంది. దొరక్క, చివరికి ఊరుకుంది. కప్పు వైపు చూస్తూ పడుకుంది.

ఆ వార్డులో కొన్నాళ్లుగా పిలుపులు ఎందుకు తగ్గాయో నాకు అప్పుడు తెలిసింది. నేను బాగా చూసుకుంటున్నాను కాబట్టి తగ్గాయని అనుకుంటూ ఉన్నాను.

ముందు పన్నెండో మంచం పాప దగ్గరికి వెళ్లి, తుంటి కింద ఇసుక సంచి సర్ది, "పీకుతోందా? నువ్వెలా చెప్పినా నాకు తెలుస్తుంది, పిలువు" అన్నాను. తర్వాత పదకొండో మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. అప్పటికి ఆ పిల్లను తొట్టెలోంచి తీసి దిండ్లకు ఆనించి కూర్చోబెడుతున్నాం.

"ఆ మాట నాకు తెలుసు" అన్నాను.

"ఏ మాట?"

"జోము."

"ఇప్పుడు తెలుసు. గోడ మీద రాసినారు గదా."

"అప్పుడూ తెలుసు. నువ్వు పిలిచిన రోజే తెలుసు. డాక్టరుగారితో అబద్ధం చెప్పాను. నువ్వు తప్పు మాట చెప్పలేదు."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. కోపం కనిపించలేదు. కోపం కోసమే కూర్చున్నాను నేను.

"తెలిసీ యాల తాకలేదు సిస్టరమ్మా?"

ఎన్ని జవాబులు సిద్ధం చేసుకున్నానో. నర్సులు లేరు, నీళ్లు లేవు, ఒక్కదాన్నే.

"అలిసిపోయాను" అన్నాను.

ఆ పిల్ల దుప్పటి పక్కకు తీసి ఎడమ పాదం వైపు చూసుకుంది. చేత్తో పట్టుకుని తిన్నగా పెట్టుకుంది.

"నేనూ అలిసిపోయింటి సిస్టరమ్మా. అయినా పిలుస్తానే ఉంటి గదా."

ఆ సాయంత్రమే తల్లికి కూడా చెప్పాను. ఆమె లేచి వెళ్లి పొయ్యి రాజేసుకుంది. డాక్టరుకు మాత్రం చెప్పలేదు. ఆయన పోయి ఇప్పటికి చాలాకాలమైంది, ఆయన ఉన్నన్నాళ్లూ చెప్పలేకపోయాను. ఆ గోడ మీది కాగితం మాత్రం చింపేశాను. ఏమైందని ఆయన అడిగితే, ఇక అక్కర్లేదండీ అన్నాను.

పదకొండో మంచం పిల్ల ఇంకో నాలుగు నెలలుంది. కర్రసాయంతో నడవడం నేర్చుకుంది. వాగుడు తగ్గలేదు, అందరితోనూ వాగేది. కొత్త సిస్టర్లను పిలిచేది, ఆయాను పిలిచేది. నేను వెళ్లి పలకరిస్తే మర్యాదగా బదులు చెప్పేది. ఇంటికి పోయే రోజు దాకా నన్ను మాత్రం మళ్లీ ఒక్కసారి కూడా పిలవలేదు.